నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న తిరుగుబాటు

వేదిక మీద వరసగా అయిదు గిన్నెలు ఉంటాయి. ఒకదానిలో బూడిద రంగు రాళ్లు, ఒకదానిలో నీళ్లు, ఒకదానిలో మట్టి, ఒకదానిలో గాజు, మిగిలినదానిలో కణకణలాడే నిప్పులు. పదహారేళ్ల బియాట్రిస్ కత్తితో అరచేతిని కోసుకుని, తటపటాయించి, చివరికి నెత్తురు చుక్కను నిప్పుల మీద వదులుతుంది. అది చుయ్యిమంటుంది. ఆ చప్పుడుతో ఆమె కన్నవారికి పరాయిదైపోతుంది. 2014 మార్చిలో విడుదలైన 'డైవర్జెంట్' సినిమాలో ఎన్ని లోపాలున్నా ఆ ఒక్క చుక్క నెత్తురు కోసం దాన్ని నేను ఇప్పటికీ వెనకేసుకొస్తాను. మరుసటి ఏడాది సరిగ్గా అదే నెలలో వచ్చిన రెండో భాగం 'ఇన్సర్జెంట్'ను మాత్రం ఎంత ప్రయత్నించినా వెనకేసుకురాలేకపోతున్నాను. నవలను మార్చారన్న కోపం కాదు నాది. కథ దేనిమీద తిరగబడిందో ఆ కథ తీసినవాళ్లే మరిచిపోయారన్నది నా ఫిర్యాదు.

చూడనివారి కోసం కథ కొంత చెప్పక తప్పదు. వెరోనికా రాత్ 2011లో వెలువరించిన నవల మొదటి భాగానికి ఆధారం, తర్వాతి భాగాలకు ఆ వరసలోని ఆమె తర్వాతి నవలలు. యుద్ధం తర్వాత మిగిలిన షికాగో నగరం, దాని చుట్టూ కంచె, లోపలి జనమంతా అయిదు వర్గాలు. తమకంటూ ఏదీ ఉంచుకోని అబ్నెగేషన్ వారు, శాంతంగా సేద్యం చేసుకునే అమిటీ వారు, అబద్ధమాడని క్యాండర్ వారు, భయమంటే లెక్కలేని డాంట్‌లెస్ వారు, చదువే లోకమైన ఎరుడైట్ వారు. పదహారేళ్లు రాగానే పరీక్ష పెట్టి ఎవరు ఏ వర్గానికి తగినవారో చెబుతారు. ఆ తర్వాత గిన్నెల ముందు నిలబడి ఎవరికి వారే ఎంచుకోవాలి. ఎంచుకున్నాక వెనక్కి రావడం ఉండదు. ఏ ఒక్క వర్గంలోనూ ఇమడని మనస్తత్వం గలవారిని డైవర్జెంట్లంటారు. ఎరుడైట్ నాయకురాలు జెనీన్ వారిని వెతికి వెతికి చంపిస్తుంటుంది. అబ్నెగేషన్ ఇంట పుట్టి, డాంట్‌లెస్‌లో చేరి, ట్రిస్ అని పేరు మార్చుకున్న బియాట్రిస్ అలాంటి డైవర్జెంటు.

మనుషులను అయిదు గుణాలుగా విడగొట్టి నగరాన్ని నడపడం ఎక్కడైనా సాధ్యమా అని మొదటి సినిమా వచ్చినప్పుడే చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయితే నేను ఈ సినిమాలను విడుదలైన ఏడాదిలో చూడలేదు. కొన్నేళ్ల తర్వాత, మా పిన్ని కూతురు పదో తరగతి పరీక్షలు రాసి వేసవికి మా ఇంటికి వచ్చినప్పుడు, ఇద్దరం కలిసి మొదటిది చూశాం. అప్పట్లో ఎంపీసీనా బైపీసీనా అన్నదాని మీద రాత్రి భోజనాల దగ్గర రోజూ చర్చ జరిగేది, అందులో ఆ పిల్ల తప్ప అందరూ మాట్లాడేవారు. గిన్నెల దృశ్యం రాగానే తను సినిమా ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూసింది. సాధ్యాసాధ్యాల ప్రశ్న తనకు తట్టనే లేదు. పదిహేనేళ్లకో పదహారేళ్లకో తీసుకున్న ఒక నిర్ణయం మిగతా జీవితానికి చిరునామా అయిపోతుందన్న భయం తెలుగునాట ఇంటర్మీడియట్ గడప తొక్కిన ఎవరికీ కల్పనగా అనిపించదు.

మొదటి సినిమా పట్టుకున్నది ఆ భయాన్నే. దర్శకుడు నీల్ బర్గర్ అందులో రహస్యాన్ని ఎలా వాడుకున్నాడో కాస్త దగ్గరగా చూడాలి. డాంట్‌లెస్ శిక్షణలో భాగంగా మందు ఎక్కించి, వారి వారి భయాలనే భ్రమలుగా కల్పించి, అందులోంచి ఎంత త్వరగా బయటపడతారో లెక్కకడతారు. ట్రిస్ ఒక గాజు తొట్టిలో ఇరుక్కుంటుంది, నీళ్లు నెత్తి దాటుతాయి, ఊపిరి అందదు. మిగతావాళ్లు కొట్టుకుని, తన్నుకుని బయటపడతారు. ఆమె మాత్రం ఇది నిజం కాదని తనకు తాను చెప్పుకుని వేలితో గాజును తాకుతుంది, గాజు పగులుతుంది. గెలిచిందని మనం ఊపిరి పీల్చుకునేలోపే ఆ గెలుపే ఆమె మెడకు ఉరి కాబోతోందని అర్థమవుతుంది, ఎందుకంటే అలా బయటపడగలిగేది డైవర్జెంట్లు మాత్రమే. అందుకని శిక్షకుడు ఫోర్ ఆమెకు నేర్పేది భయాన్ని జయించడం కాదు, మామూలు డాంట్‌లెస్ మనిషి జయించినట్టుగా నటించడం. తెలివైన పిల్లను తెలివి దాచుకోమనడం, అదీ పరీక్ష గదిలో! ఒక్క దృశ్యంలో ఇన్ని పొరలున్నప్పుడు ప్రేక్షకుడు కథలోని కంతలను క్షమిస్తాడు.

రెండో భాగం మొదలయ్యేసరికి ఆ రహస్యం బట్టబయలైపోయింది. అది తప్పేమీ కాదు. కథ ముందుకు నడవాలి కదా. తప్పల్లా, పోయిన రహస్యం స్థానంలో ఏం పెట్టారన్న దగ్గరుంది. వాళ్లు పెట్టింది ఒక పెట్టె.

జెనీన్ మనుషులు ట్రిస్ పుట్టింటి శిథిలాల్లోంచి ఆ పెట్టెను వెలికి తీస్తారు. దాని పక్కల మీద అయిదు వర్గాల గుర్తులు ఉంటాయి. నగరాన్ని స్థాపించినవారి సందేశం అందులో ఉందట. అయిదు వర్గాల పరీక్షల్లోనూ నెగ్గిన డైవర్జెంటు మాత్రమే దాన్ని తెరవగలరట. జెనీన్ పట్టుకొచ్చిన డైవర్జెంట్లందరూ ఆ పరీక్షలకు తట్టుకోలేక ఒక్కొక్కరుగా చనిపోతుంటారు కనుక ఆమెకు అందరికంటే గట్టి డైవర్జెంటు కావాలి. ఎవరు ఎంత గట్టివారో తెలుసుకోవడానికి సైనికుల చేతికి ఒక యంత్రం ఇస్తారు. మనిషి ముందు దాన్ని పెడితే శాతం చూపిస్తుంది. ట్రిస్ దగ్గరకు వచ్చేసరికి అది వంద శాతం చూపిస్తుంది.

మా చెల్లి అప్పటికి ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతూ సంక్రాంతి సెలవులకు వచ్చింది. వారం వారం పరీక్ష, ర్యాంకును బట్టి సెక్షను, సెక్షను మారితే స్నేహితులు కూడా మారడం, ఇదీ అప్పటికి తన జీవితం. తెర మీద వంద శాతం అని పడగానే తను నావైపు తిరిగి, "అంటే ఈవిడది కూడా ర్యాంకేనా అక్కా?" అంది. ఈ సినిమా మీద ఆ తర్వాత నేను చదివిన ఏ సమీక్షా ఆ ప్రశ్నను దాటిపోలేదు.

ఆలోచించి చూస్తే ఇది చిన్న పొరపాటు కాదు. మనిషిని కొలిచి, పేరు పెట్టి, గడిలో కూర్చోబెట్టడం అన్యాయమని చెప్పడానికి పుట్టిన పాత్ర ట్రిస్. డైవర్జెంటు అన్న మాట మొదటి భాగంలో కొలతకు లొంగకపోవడానికి పేరు. పరీక్ష పెట్టిన మనిషి బెదిరిపోయి, ఫలితం తేలలేదని చెప్పవలసి వచ్చిన స్థితికి పేరు. రెండో భాగంలో అదే మాట మరో కొలమానమైపోయింది. పది శాతం వాళ్లున్నారు, నలభై శాతం వాళ్లున్నారు, అందరికంటే పైన మన కథానాయిక ఉంది. అంటే గడులు తప్పు కాదు, ఇన్నాళ్లూ మార్కులు దిద్దడంలో పొరపాటు జరిగింది, అసలైన ఫస్టు ర్యాంకు ఈ అమ్మాయిది అని సినిమా తీర్పు చెబుతోంది. వర్గవ్యవస్థ మీద తిరగబడ్డ కథ ఆ వ్యవస్థ పెట్టిన ప్రశ్నపత్రంలోనే నూటికి నూరు తెచ్చుకుని మురిసిపోవడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

పెట్టె తెచ్చిన ఇంకో చిక్కు జెనీన్ పాత్రది. నవలలో పెట్టె లేదు. ఒక సమాచారం ఉంది, దాన్ని అబ్నెగేషన్ పెద్దలు ప్రజల ముందు పెట్టబోతున్నారు, అది బయటపడితే నగరం నిలబడదని జెనీన్ నమ్మింది, అందుకే వాళ్ల మీద దాడి చేయించి దాన్ని దాచేసింది. ఎంత క్రూరమైనా అది మనిషికి అర్థమయ్యే కారణం. నిజం తెలిసి దాన్ని తొక్కిపెట్టే పాలకులను లోకం ఎరగనిది కాదు. సినిమాలో ఇది తలకిందులైంది. ఇక్కడి జెనీన్‌కు లోపల ఏముందో తెలియదు, అయినా అది డైవర్జెంట్ల ముప్పు నుంచి నగరాన్ని కాపాడే సందేశమే అయి ఉంటుందని గట్టి నమ్మకం. డైవర్జెంటు తప్ప ఎవరూ తెరవలేని తాళం వేసి, లోపల డైవర్జెంట్లను నమ్మవద్దన్న ఉత్తరం ఎవరైనా పెడతారా? నగరంలోకెల్లా తెలివైన మనిషిగా మనకు పరిచయం చేసిన పాత్రకు ఈ సందేహం రెండు గంటల సేపు రాదు. ఆ వేషం వేసింది కేట్ విన్స్‌లెట్. కంటిరెప్ప కూడా అనవసరంగా కదపని ఆ నటి శ్రద్ధను చూస్తుంటే, ఇంత మంచి వాయిద్యాన్ని తెచ్చి తలుపు గడియ కొట్టడానికి వాడినట్టనిపించింది నాకు.

పెట్టెను తెరవాలంటే పరీక్షలు కావాలి, పరీక్షలంటే భ్రమలు కావాలి. మంటల్లో కాలుతూ గాలిలో ఎగిరిపోతున్న ఇంట్లో తల్లి చిక్కుకుని ఉంటుంది. తీగలు పట్టుకుని వేలాడుతూ ట్రిస్ ఆ ఇంటిని అందుకోవాలి. ప్రచార చిత్రాల్లో పదే పదే చూపించిన దృశ్యం ఇది. సినిమాను 3డిలో విడుదల చేశారు కనుక ఇటుకలూ గాజు పెంకులూ మన ముఖం మీదకే వస్తున్నట్టు తీశారన్నది ఇంట్లో మామూలు టీవీలో చూసినా తెలిసిపోతుంది. చూడటానికి బాగుంటుంది, కాదనను. కానీ ఇందాక చెప్పిన గాజు తొట్టితో దీన్ని పోల్చి చూడండి. అక్కడ భ్రమ బయట ఒక మనిషి గడియారం పట్టుకుని కూర్చున్నాడు, అతనికి అనుమానం వస్తే ప్రాణం పోతుంది. ఇక్కడ అందరికీ అన్నీ తెలుసు. ఎగిరే ఇంట్లో ఉన్నది తల్లి కాదని ట్రిస్‌కు తెలుసు, ట్రిస్‌కు తెలుసునని మనకు తెలుసు, ఆమె నెగ్గుతుందని వంద శాతం యంత్రం ఇంతకుముందే చెప్పేసింది. ఇంక మిగిలింది కంప్యూటర్ల మీద పనిచేసినవారి కష్టం. అయిదు పరీక్షలు కావాలన్నారు గనక రెండింటిని దాదాపు లెక్క పూర్తి చేయడానికన్నట్టు దాటించేశారు. నిస్వార్థాన్ని, మేధస్సును పరీక్షించడం ఎలాగో రాసినవారికి తోచలేదేమో.

తిట్టడం తేలిక కనుక, మెచ్చుకోవలసినదాన్ని ఇక్కడే చెబుతాను. క్యాండర్ వారి భవనంలో జరిగే విచారణ ఈ సినిమా మొత్తంలో నిజంగా సినిమా అనిపించే ఘట్టం. అబద్ధం ఆడనివ్వని మందు ఎక్కించి ట్రిస్‌ను అందరి ముందు ప్రశ్నిస్తారు. ఆమె మొదటి భాగం చివర, జెనీన్ మందు ప్రభావంతో మనసు తన వశంలో లేని స్నేహితుడు విల్ తుపాకి గురిపెట్టినప్పుడు, ప్రాణం కాపాడుకోవడానికి అతన్ని కాల్చి చంపింది. విల్‌ను ప్రేమించిన క్రిస్టీనా ఆ గదిలోనే ఉంది. మాటను గొంతులోనే ఆపాలని ట్రిస్ పెనుగులాడుతుంది, మందు ఆపనివ్వదు. ట్రిస్ వేషం వేసిన షైలీన్ వుడ్లీ ముఖం మీదనుంచి కెమెరా ఎక్కువసేపు పక్కకు పోదు. కండరాలు బిగుసుకోవడం, కళ్లు నిండటం, చివరికి పేరు బయటికి రావడం, ఆ తర్వాత క్రిస్టీనా చూపు. ఎగిరే ఇళ్లు లేవు, పగిలే గాజు లేదు. ఒక నిజం, దాన్ని వినకూడని ఒక మనిషి.

ఆ ఘట్టం అంత బాగుండటమే నా నిరాశకు మరో కారణం. రెండో భాగానికి కావలసిన కథ అప్పటికే వాళ్ల చేతిలో ఉందని అది రుజువు చేస్తోంది. స్నేహితుణ్ణి చంపిన పదహారేళ్ల పిల్ల ఆ తర్వాత ఎలా బతుకుతుంది? నవలలో ట్రిస్ తుపాకి పట్టుకోలేకపోతుంది. పట్టుకోబోతే చేతులు వణుకుతాయి, తిరుగుబాటుదారుల మధ్య ఉంటూ ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోతుంది. ఆయుధం పట్టలేని యోధురాలు! ఏ కథకుడికైనా ఇంతకంటే ఏం కావాలి? సినిమాలో ఆ బరువు చాలావరకు పీడకలలుగా, అద్దం ముందు జుట్టు కత్తిరించుకోవడంగా తేలిపోయి, చివరి పరీక్షలో తనతో తానే కలబడి తనను తాను క్షమించుకోవడంతో తీరిపోతుంది. విల్ చావుకు క్షమాపణ కూడా పెట్టెకు వేసిన అయిదు తాళాల్లో ఒకటైపోయింది.

ఎందుకిలా జరిగిందన్నదానికి నాకు తోచిన కారణం తొందర. 2014 మార్చి 21, 2015 మార్చి 20, 2016 మార్చి 18: మూడు భాగాల విడుదల తేదీలివి. ఏడాదికొక పండక్కి ఇంటికి రంగులు వేసినట్టు సినిమాలు తీశారు. బర్గర్ మొదటి భాగం తుది పనుల్లో తలమునకలై ఉండగానే రెండోదాని తేదీ దగ్గరపడింది. రెండూ మోయలేక ఆయన తప్పుకున్నాడు. మొదటిది తెర మీదకు రాకముందే రాబర్ట్ ష్వెంట్కె దర్శకుడిగా వచ్చాడు. స్క్రీన్‌ప్లే రాసిన ఇద్దరి స్థానంలో వేరే ముగ్గురి పేర్లు చేరాయి. మొదటి భాగం విడుదలైన కొద్ది వారాలకే, 2014 ఏప్రిల్‌లో, మూడో నవలను రెండు సినిమాలుగా చీల్చబోతున్నట్టు నిర్మాణ సంస్థ లయన్స్‌గేట్ ప్రకటించింది. మొదటిదానిలో ప్రేక్షకుడి మనసుకు ఏది తగిలిందో కూర్చుని ఆలోచించుకునే వ్యవధి ఆ గదుల్లో ఎవరికీ ఉండి ఉండదు.

స్థలం కూడా మారింది. మొదటి భాగాన్ని చాలావరకు షికాగోలోనే తీశారు. స్తంభాల మీద నడిచే రైళ్లు ఆ నగరంలో నిజంగా ఉన్నవే, డాంట్‌లెస్ పిల్లలు పరుగెత్తి ఎక్కేది వాటినే. ట్రిస్, ఫోర్ ఎక్కే తుప్పుపట్టిన జెయింట్ వీల్ నేవీ పియర్ మీదిది. హాన్‌కాక్ భవనం మీదనుంచి తీగ పట్టుకుని ఆమె జారుతున్నప్పుడు కింద కనిపించే వీధులకు ఒక ఊరి బరువుంది. రెండో భాగం చిత్రీకరణ అట్లాంటాకు తరలిపోయింది. తెర మీది షికాగో ఎక్కువగా కంప్యూటర్లలో కట్టినది. నగరాన్ని కాపాడాలని అందరూ అరుస్తుంటారు గానీ, ఆ నగరంలో ఒక సందునైనా మనం గుర్తుపట్టలేం.

రెండో భాగాలంటే ఇంతే, మధ్య భాగానికి మొదలూ తుదీ ఉండవు కదా అని ఒక సమర్థన వినిపిస్తుంది. దాన్ని నేను ఒప్పుకోను. 2013 నవంబరులో వచ్చిన 'ది హంగర్ గేమ్స్: క్యాచింగ్ ఫైర్' కూడా యువతరం నవల నుంచి వచ్చిన రెండో భాగమే. అక్కడా దర్శకుడు మారాడు. గ్యారీ రాస్ స్థానంలో ఫ్రాన్సిస్ లారెన్స్ వచ్చాడు. అయినా ఆ సినిమా మొదటి భాగాన్ని మించిపోయింది. ఒకరినొకరు చంపుకునే పోటీలో మొదటి భాగంలో బతికి బయటపడ్డ కథానాయిక క్యాట్నిస్ విజయయాత్రలో పదకొండో జిల్లాకు వెళ్లినప్పుడు, గుంపులో ఒక ముసలాయన ఈల వేసి ఆమెకు వందనంగా మూడు వేళ్లు పైకెత్తుతాడు. సైనికులు ఆయనను అందరి ముందుకు ఈడ్చుకొచ్చి కాల్చేస్తారు. తను బతికి బయటపడటం ఇతరులకు ఎంత ఖరీదైందో ఆ అమ్మాయికి అప్పుడు తెలుస్తుంది. మళ్లీ పోటీ మైదానంలోకి దిగేసరికి సినిమా సగం దాటిపోతుంది, ఆ సగమంతా మొదటి భాగంలో జరిగినదానికి మూల్యం చెల్లించడమే. ఇన్సర్జెంట్‌కు అలాంటి ఓపిక లేదు. మొదటి భాగం 139 నిమిషాలైతే ఇది 119 నిమిషాలు. తగ్గిన ఆ ఇరవై నిమిషాల్లోనే ట్రిస్ వణికే చేతులు ఉండి ఉంటాయని నా అనుమానం.

డబ్బు లెక్కలో సినిమా ఓడిపోలేదు. సుమారు 11 కోట్ల డాలర్ల ఖర్చుకు ప్రపంచవ్యాప్తంగా దాదాపు 29.7 కోట్లు వచ్చాయి, మొదటిదానికంటే కాస్త ఎక్కువే. అయితే నవలల అభిమానులు ఎక్కువగా ఉన్న అమెరికాలో వసూళ్లు 15 కోట్ల నుంచి 13 కోట్లకు దిగాయి, ఆ దిగుడును ఎవరూ లక్ష్యపెట్టినట్టు లేదు. మూడో భాగం 'అల్లీజియంట్'కు అక్కడ వచ్చింది 6.6 కోట్లు. రెండో భాగం చూసి నిరాశపడ్డ ప్రేక్షకుడు ఆ సినిమాకు డబ్బులిచ్చేశాడు. లెక్క తేల్చుకున్నది తర్వాతి సినిమా దగ్గర. నాలుగో భాగానికి 'అసెండెంట్' అని పేరు పెట్టి, 2017 జూన్‌కు తేదీ ప్రకటించి, తర్వాత దాన్ని టీవీ సినిమాగా తీస్తామన్నారు. అదీ తీయలేదు. అలా కథ తెర మీద చివరిదాకా రాకుండానే ఆగిపోయింది.

పెట్టె తెరుచుకుని, కంచె అవతల మనుషులున్నారని తెలిసి, నగరం జనమంతా అటువైపు నడవడంతో ఇన్సర్జెంట్ ముగిసినప్పుడు, తర్వాత ఏమవుతుందని మా చెల్లి అడిగింది. సినిమాలను నమ్ముకోవద్దని చెప్పి మూడో నవల చేతికిచ్చాను. నచ్చినా నచ్చకపోయినా, రాత్ తన కథను తెగించి ఒక కొసకు చేర్చిందని మాత్రం చెప్పాను. మూడు రోజుల్లో సెలవులు అయిపోయాయి. సిలబస్ పుస్తకాలు తప్ప వేరేవి హాస్టల్లోకి రానివ్వరని తను దాన్ని మా ఇంట్లోనే వదిలి వెళ్లింది. మొన్న అల్మారా సర్దుతుంటే కనిపించింది. ముప్పయ్యో పేజీ దగ్గర, ఆ సంక్రాంతికి తను ఊరొచ్చిన బస్సు టికెట్టు పెట్టి ఉంది.